కట్టెల పొయ్యి పొగగొట్టంలో తారులాంటి మసి, మొన్న నిప్పురవ్వలు కూడా లేచాయి: ఏం చేయాలి?

దేవరకొండ_రైతు అడిగారు:

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గరి పల్లె. మూడేళ్ల కిందట పాత పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టుకున్నాము. గ్యాసు ఉన్నా కట్టెల పొయ్యి ఉండవలసిందేనని మా అమ్మ పట్టుబట్టడంతో, ఇంటి వెనుక యూకలిప్టస్ వాసాల మీద రేకులు వేసి చిన్న వంటగది కట్టించి, అందులో రెండు గిన్నెలు పట్టే మట్టి పొయ్యి పెట్టాము. పొద్దున స్నానాల నీళ్లు, బర్రెలకు ఉలవలు, సాయంత్రం జొన్న రొట్టెలు, పండుగకు సకినాలు అన్నీ దాని మీదనే అవుతాయి. పాత ఇంటి పొయ్యికి ఉన్న నాలుగు అంగుళాల సిమెంటు గొట్టాన్నే తెచ్చి దీనికి బిగించాము. అది గోడలోంచి బయటికి వచ్చేటప్పుడు ఒకసారి, పైకి లేచేటప్పుడు మరోసారి వంపు తిరిగి, రేకుల మీద రెండడుగుల ఎత్తులో ముగుస్తుంది. స్లాబు ఇంటి గోడ దానికి ఆరడుగుల దూరంలో, దానికంటే ఎత్తుగా ఉంటుంది.

మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేదు. రెండో ఏటి వానాకాలం నుంచి పొగ వెనక్కి తన్నడం మొదలైంది. గది గోడకు కరెంటు ఫ్యాను బిగించి పొగను బయటికి లాగాలని చూస్తే అది తగ్గకపోగా ఎక్కువైంది. ఈ ఏడు గొట్టం వంపు దగ్గర నల్లగా, నిగనిగలాడుతూ తారులాంటి పదార్థం కారి గోడ మీద చారలు కట్టింది. పోయిన వారం పొద్దుగూకే వేళ అమ్మ పత్తి కట్టె వేసి మంట పెద్దది చేయగా గొట్టంలో నుంచి పెనుగాలి వీచినట్టు హోరు వినిపించి, పైకొన నుంచి నిప్పురవ్వలు లేచి, పదిహేను అడుగుల దూరంలో ఉన్న పత్తి కట్టె కుప్ప వైపు పడ్డాయి. ఆ మధ్యాహ్నమే వాన పడి కుప్ప తడిసి ఉండటం వల్ల అంటుకోలేదు. అమ్మ కంగారులో పొయ్యిలో చెంబెడు నీళ్లు గుమ్మరించింది. మరునాడు చూస్తే గొట్టం మీద వెంట్రుకంత సన్నని పగులు కనిపించింది.

మంట మీద గుప్పెడు ఉప్పు చల్లితే మసి దానంతట అదే రాలిపోతుందని ఊళ్లో ఒకరు చెప్పారు. అది నిజమేనా? గొట్టాన్ని ఎలా శుభ్రం చేయాలి, పగులును సిమెంటుతో పూడిస్తే సరిపోతుందా, తెలిసినవారు దయచేసి చెప్పగలరు. అమ్మ ఆ గదిలో రోజుకు నాలుగు గంటలు ఉంటుంది. నాకు ఉన్న దిగులంతా అదే.

విశ్రాంత_అగ్నిమాపక_ఉద్యోగి సమాధానం:

ముందుగా ఒక్క మాట చెప్పి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. గొట్టం మార్చేదాకా ఆ పొయ్యి వెలిగించకండి. మీరు విన్న హోరు గొట్టం లోపల మసి అంటుకున్నప్పుడు వచ్చే శబ్దం. అప్పుడు లోపలి వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లగలదు. పగిలిన గొట్టంలో అది రెండోసారి జరిగితే నిప్పు పైకొన నుంచి కాకుండా పగులులోంచి బయటపడి, మీ యూకలిప్టస్ వాసాలను అంటుకుంటుంది.

మీరు తారు అన్న పదార్థాన్ని క్రియోసోట్ అంటారు. కట్టె పూర్తిగా మండనప్పుడు దానిలోని ఆవిరులు పొగతో కలిసి పైకి వెళ్తాయి. గొట్టం గోడ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నచోట, చల్లటి చెంబు మీద నీటి బిందువులు కట్టినట్టే, ఆ ఆవిరులు గోడకు అంటుకొని గడ్డకడతాయి. తొలిదశలో అది పొడి మసిలా ఉండి బ్రష్షు తగిలితే రాలిపోతుంది. ఆ తర్వాత పెచ్చులు కడుతుంది. చివరికి మీ గొట్టంలో ఉన్నట్టు నిగనిగలాడే గట్టి పూతగా మారితే బ్రష్షుకు లొంగదు, పైగా అంటుకుందంటే అదే ఇంధనంలా మండుతుంది. కాబట్టి ప్రశ్న గొట్టాన్ని ఎలా గీకాలన్నది ఒక్కటే కాదు, ఆ పూత ఎందుకు కట్టిందన్నది కూడా. సాధారణంగా కారణాలు రెండు ఉంటాయి. ఒకటి తడి కట్టె, రెండోది నిదానంగా రగులుతూ ఉండే మంట. ఇప్పుడే కొట్టి తెచ్చిన సర్కారు తుమ్మ కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చు. ఆ నీటిని ఆవిరి చేయడానికే మంట శక్తి ఖర్చయిపోయి, పొగ చల్లగా, చిక్కగా పైకి వెళ్తుంది. కట్టెలో తేమ 20 శాతం కంటే తక్కువ ఉండాలన్నది చాలా దేశాల్లో చెప్పే ప్రమాణం. దాన్ని కొలవడానికి పరికరం అవసరం లేదు. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొట్టినప్పుడు టక్కుమని గట్టి శబ్దం వచ్చి, చివర్లలో బీటలు కనిపిస్తే ఎండినట్టు. మొద్దుబారిన శబ్దం వస్తే ఇంకా తడి ఉన్నట్టు.

ఉప్పు సంగతి అడిగారు. ఉప్పు చల్లితే గట్టిపడిన పూత రాలదు. మీది సిమెంటు గొట్టం గానీ, ఇనుప గొట్టమైతే ఉప్పు ఆవిరికి త్వరగా తుప్పు పడుతుంది కూడా. ఉప్పు చల్లాము కదా అన్న ధీమాతో శుభ్రం చేయడం మానేయడమే దానివల్ల జరిగే అసలు నష్టం.

గొట్టం మళ్లీ ఎప్పుడైనా అంటుకుంటే ఏం చేయాలో అమ్మగారికీ, ఇంట్లో అందరికీ నేర్పవలసినది ఇది. అందరినీ బయటికి పంపి, 101 కు ఫోను చేయాలి. ఒంటికి సెగ తగలకుండా వీలైతే పొయ్యి నోటికి ఇనుప రేకు గానీ బండ గానీ అడ్డం పెట్టి గాలి అందకుండా చేయాలి, ఎందుకంటే గాలి ఆగితే గొట్టంలోని మంట నీరసిస్తుంది. నీళ్లు గొట్టంలో గానీ వేడెక్కిన పొయ్యిలో గానీ పోయకూడదు. కాలిన గొట్టం మీద చల్లటి నీరు పడితే అది పగులుతుంది, ఒక్కసారిగా లేచే వేడి ఆవిరి ముఖాన కొడుతుంది. అమ్మగారు క్షేమంగా ఉండటం మీ అదృష్టం. నీళ్లను కట్టె కుప్ప మీద, పక్కనున్న కప్పు మీద చల్లడానికి వాడండి. గొట్టంలో మంట ఆరినట్టు కనిపించినా గోడలో, వాసాల్లో నిప్పు గంటల తరబడి దాగి ఉండవచ్చు కనుక, ఆ రాత్రి ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉండాలి. అంతకంటే ముందు ఆ పత్తి కట్టె కుప్పను అక్కడి నుంచి చేనుగట్టుకు తరలించండి.

ఇంకొకటి మీరు రాయలేదు గానీ అడగక తప్పదు. గ్యాసు సిలిండరు కూడా అదే గదిలో ఉందా? ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది. లీకైతే నేల మీద పరుచుకుంటుంది. మీ కట్టెల పొయ్యి ఉండేది కూడా నేల మీదనే. రెండూ ఒకే గదిలో ఉండకూడదు. గ్యాసు లీకు విషయంలో సాయానికి 1906 నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.

పాలమూరు_మేస్త్రి సమాధానం:

పై పెద్దమనిషి చెప్పినదానితో ఏకీభవిస్తూ, కట్టుబడి గురించి నాకు తెలిసినది రాస్తున్నాను. మహబూబ్‌నగర్, జడ్చర్ల చుట్టుపక్కల నేను చాలా పొయ్యిలు కట్టాను, చెడిపోయినవాటిని బాగు చేశాను.

మీ పాత గొట్టం వివరాలు చదవగానే అనుమానం వచ్చింది. 1983లో మొదలై 2002 వరకు నడిచిన ప్రభుత్వ మెరుగైన పొయ్యిల కార్యక్రమంలో మన పల్లెల్లో ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టాలనే ఎక్కువగా బిగించారు. మీది కూడా అలాంటిదే అయితే దానిని పొడిగా గీకకూడదు, కోయకూడదు, పగలగొట్టకూడదు. అందులోని నారపోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే చాలా ఏళ్ల తర్వాత ప్రాణాంతకమైన జబ్బులు వస్తాయి. నీటితో బాగా తడిపి, వీలైనంత వరకు ముక్కలు కాకుండా విప్పి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి పక్కన పెట్టండి. పశువుల కొష్టానికి కాలువగానో, మొక్కల చుట్టూ కట్టగానో మళ్లీ వాడవద్దు. పగులును సిమెంటుతో పూడ్చడం ఉపయోగం లేని పని. వేడికి గొట్టం, సిమెంటు వేర్వేరు తీరుగా వ్యాకోచించి పది రోజుల్లో మళ్లీ విడిపోతాయి.

ఇక పొగ వెనక్కి తన్నడానికి మీ వర్ణనలోనే నాలుగు కారణాలు దొరుకుతున్నాయి. మొదటిది ఆ కరెంటు ఫ్యాను. తలుపు, కిటికీ మూసి ఫ్యాను వేస్తే అది గదిలోని గాలిని బయటికి లాగుతుంది. ఆ లోటు తీరడానికి గాలి ఏదో ఒక దారిన లోపలికి రావాలి. మీ గదిలో తెరిచి ఉన్న పెద్ద దారి పొగగొట్టమే కనుక, గాలి దానిలోంచే పొగను వెంటబెట్టుకొని కిందికి దిగుతుంది. ఈరోజే ఆ ఫ్యాను తీసేసి, పొయ్యికి ఎదురు గోడకు కింది భాగంలో జానెడు వెడల్పు జాలీ పెట్టించండి. రెండోది గొట్టం ఎత్తు. అది కప్పును దాటేచోట కనీసం మూడడుగులు పైకి లేవాలి, పది అడుగుల లోపల ఉన్న ఏ గోడ, ఏ కప్పు కంటేనైనా రెండడుగులు ఎక్కువ ఎత్తు ఉండాలి. మీ స్లాబు గోడ ఆరడుగుల దూరంలో ఉంది కాబట్టి దానికి తగిలి కిందికి తిరిగిన గాలి నేరుగా గొట్టంలో పడుతోంది. గొట్టాన్ని స్లాబు కంటే రెండడుగులు పైకి లేపండి. మూడోది రెండు వంపులు. నిలువుగా వెళ్లవలసిన పొగ అడ్డం తిరిగిన ప్రతిచోటా నెమ్మదించి, చల్లబడి, మసిని దింపుతుంది. వంపు తప్పనిసరైతే మూల మట్టంలా కాకుండా ఏటవాలుగా పెట్టించండి. నాలుగోది వెడల్పు. నాలుగు అంగుళాల గొట్టం చిన్న మంటకు సరిపోతుంది గానీ, లోపల చుట్టూ సెంటీమీటరు మందం మసి పట్టిందంటే పొగ పోయే దారిలో మూడో వంతుకు పైగా మూసుకుపోయినట్టే. రెండు గిన్నెల పొయ్యికి ఆరు అంగుళాలు పెట్టుకుంటే దారి రెండింతలకు పైగా పెరుగుతుంది.

కొత్తదానికి జస్తా (జింకు) పూత ఉన్న గొట్టం వద్దు, ఎర్రగా వేడెక్కితే ఆ పూత పొగై పీల్చినవారికి జ్వరం వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం గానీ, ఇటుకల గూడులో కాల్చిన మట్టి గొట్టం గానీ పెట్టించండి. ఇటుకల గూడు ఉంటే గొట్టం వేడిగా నిలిచి తారు తక్కువ కడుతుంది, కాబట్టి ఖర్చు ఎక్కువైనా నా సలహా అదే. విడి ఇనుప గొట్టానికీ కట్టె వాసాలకూ నడుమ 45 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. గొట్టం అడుగున మసి తీసుకోవడానికి బిగుతైన మూత ఉన్న చిన్న తలుపు, పైకొనకు వాన పడకుండా రేకు టోపీ, గోరింకలు గూడు కట్టకుండా జాలీ పెట్టించండి. ఆ జాలీ సన్నదైతే మసి పట్టి అదే మూసుకుపోతుంది, వేలు దూరేంత కన్నాలు ఉండాలి.

ఇది మనకు కొత్త విద్య కాదు. 1950ల తొలినాళ్లలోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాశాలలో ఎస్.పి. రాజు గారు పొగగొట్టంతో పొగలేని పొయ్యిని రూపొందించారు. పొయ్యిలు పంచినంత శ్రద్ధగా గొట్టం తుడవడం ఎవరూ నేర్పలేదు, అందుకే మా ప్రాంతంలో ఆ పొయ్యిలు మసితో మూసుకుపోయి మూలన పడ్డాయి. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కల్వకుర్తి_గృహిణి సమాధానం:

తమ్ముడూ, మా ఇంట్లో గొట్టం తుడిచేది నేనే కాబట్టి ఆ పని ఎలా చేస్తానో రాస్తాను. ఏడాదికి రెండుసార్లు చేస్తాను. ఒకటి మృగశిర కార్తెకు ముందు, రెండోది సంక్రాంతి పిండివంటలకు ముందు. నడుమ నెలకోసారి కింది తలుపు తెరిచి, చేతి అద్దం పెట్టి, టార్చి వెలుగులో పైకి చూస్తాను. మసి మందం మూడు మిల్లీమీటర్లు దాటితే, అంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత అయితే, సమయం కోసం ఎదురుచూడకుండా తుడుస్తాను.

ముందురోజు రాత్రి నుంచే పొయ్యి వెలిగించను. పొద్దున బూడిద తీసి, పొయ్యి నోటికి తడి గోనెపట్టా కప్పి అంచులకు మట్టి మెత్తుతాను, లేకపోతే మసి గదంతా పరుచుకుంటుంది. మా ఆయన స్లాబు మీదికెక్కి, గొట్టం వెడల్పుకు సరిపోయే గట్టి కొబ్బరి పీచు బ్రష్షును తాడుకు కట్టి, కింద గుండ్రాయి వేలాడదీసి, పైనుంచి కిందికి పదిపన్నెండుసార్లు ఆడిస్తాడు. స్టీలు గొట్టానికి ఇనుప తీగల బ్రష్షు వాడితే గీతలు పడతాయి. ఎక్కేవారికి కింద ఒకరు నిచ్చెన పట్టుకొని ఉండాలి, వాన తడి ఉన్నరోజు ఆ పని పెట్టుకోకూడదు. రాలిన మసి కింది తలుపులోంచి మూతున్న ఇనుప డబ్బాలోకి తీస్తాను.

బూడిద గురించి ఎవరూ చెప్పలేదు. చల్లగా కనిపించే బూడిదలో నిప్పు రెండు మూడు రోజులు బతికి ఉంటుంది. మా వీధిలో ఒకరింట్లో పొద్దుటి బూడిదను ప్లాస్టిక్ బకెట్‌లో ఎత్తి కొష్టం గోడకు ఆనించి పెడితే, మధ్యాహ్నానికి బకెట్ కరిగి గడ్డి అంటుకుంది. ఇనుప బకెట్‌లో వేసి, మూత పెట్టి, ఇంటికి దూరంగా నేల మీద ఉంచి, నాలుగో రోజు గిన్నెలకైనా, బీరపాదుకైనా వాడుకోండి. పాల కవర్లు, పాత చెప్పు ముక్కలు వేసి పొయ్యి అంటించే అలవాటు మీ అమ్మగారికి ఉంటే మాన్పించండి. దాని పొగ విషం, మసి జిగట. పత్తి కట్టె ఫిబ్రవరి, మార్చిలో పీకినప్పుడే వసారా కింద, నేలకు జానెడు ఎత్తున రాళ్ల మీద పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదిలితే వానాకాలమంతా పొడిగా ఉంటుంది.

నార్కట్‌పల్లి_నర్సు సమాధానం:

అమ్మగారి గురించి దిగులు అన్నారు కాబట్టి రాస్తున్నాను. కంటికి కనిపించే పొగ కంటే కనిపించని కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ ప్రమాదకరం. దానికి రంగు, వాసన లేవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వచ్చి, బయటికి రాగానే తగ్గుతున్నాయా అని అమ్మగారిని అడగండి. అవునంటే అది వయసు వల్ల వచ్చే తలనొప్పి అని తోసిపుచ్చకండి. చలికాలం రాత్రి తలుపులు మూసుకొని నిప్పుల కుంపటి పక్కన పడుకోవడం ఎంత మాత్రం చేయకూడదు, ఎర్రటి బొగ్గులకు పొగ రాకపోయినా ఈ వాయువు వస్తూనే ఉంటుంది. ఎవరైనా మగతగా కనిపిస్తే మొదట బయటి గాలిలోకి తెచ్చి, 108 కు ఫోను చేయాలి. పొయ్యిల పొగ వంటి ఇంటి లోపలి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

మసి తుడిచేవారు ముక్కుకు, నోటికి మాస్కు, కళ్లకు అద్దాలు, నిండు చేతుల చొక్కా వేసుకొని, పని కాగానే తలస్నానం చేసి ఆ బట్టలు విడిగా ఉతుక్కోవాలి. పొగగొట్టాలు తుడిచే పిల్లలకు పెద్దయ్యాక మసి వల్ల చర్మ క్యాన్సర్ వస్తోందని లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్ 1775లోనే గుర్తించాడు.

దేవరకొండ_రైతు:

పేరుపేరునా అందరికీ కృతజ్ఞతలు. మీరు అడిగినట్టు సిలిండరు ఆ గదిలోనే ఉంది, నిన్ననే దానిని స్లాబు ఇంటి వంటింట్లోకి మార్చాము. పత్తి కట్టె చేనుగట్టుకు చేరింది. ఫ్యాను విప్పేశాను. అమ్మను అడిగితే సాయంత్రం పూట తల దిమ్ముగా ఉంటుందని, ఎండకు అనుకున్నానని చెప్పింది, రేపు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. గొట్టం వచ్చేదాకా వంటంతా గ్యాసు మీద చేయడానికి ఒప్పుకుంది, నీళ్లు మాత్రం ఆరుబయట మూడు రాళ్ల మీద కాగబెడుతుంది. మేస్త్రి గారూ, ఒక్క సందేహం. ఇటుకల గూడు కట్టాక ఎన్నాళ్లకు పొయ్యి వెలిగించవచ్చు?

పాలమూరు_మేస్త్రి:

సున్నం, సిమెంటు తడి పూర్తిగా ఆరడానికి మూడు వారాలైనా ఆగండి. ఆ తర్వాత మొదటి మూడు రోజులు రోజుకు అరగంట చొప్పున చిన్న మంటే పెట్టండి, ఒకేసారి పెద్ద మంట పెడితే లోపలి తడి ఆవిరై అతుకులు విచ్చుకుంటాయి. ప్రతిరోజూ వెలిగించే ముందు ఒక కాగితం ముక్కను గొట్టం మొదట్లో మండించి పొగ పైకి లాగుతోందో లేదో చూసి, ఆ తర్వాతే కట్టె పెట్టమని అమ్మగారికి చెప్పండి. సున్నం పూత వేసిన గూడు మీద ఎక్కడైనా గోధుమ రంగు మరక కనిపిస్తే అక్కడ లోపల పొగ కారుతున్నట్టు, ఆ రోజే పొయ్యి ఆపి నాకు ఇక్కడ రాయండి.